పాత జీపులో వేరే డీజిల్ ఇంజన్: ఆయిల్, టెంపరేచర్ సెన్సార్లను సరిగ్గా అమర్చే పద్ధతి

కడప చుట్టుపక్కల పాత మహీంద్రా జీపులు ఇంకా బాగానే తిరుగుతున్నాయి. పాలకొండల కింద ఊళ్లకు, తోటల దారులకు, యర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనులకు వాటంత నమ్మకమైన బండి దొరకదు. బాడీ గట్టిగానే ఉంటుంది, ఇంజన్ మాత్రం అరిగిపోతుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. ప్యూజో ఇంజన్ దించి, బొలెరోదో పికప్‌దో 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజన్ ఎక్కించడం. కొందరు బయటి నుంచి వచ్చిన జపాన్ ఇంజన్లు కూడా పెడతారు.

ఇంజన్ మౌంటింగులు, బెల్ హౌసింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్, సైలెన్సర్ మీద అందరికీ శ్రద్ధ ఉంటుంది. సెన్సార్ల సంగతి చివరి రోజు సాయంత్రం గుర్తొస్తుంది. పాత సెండర్, అంటే మీటర్‌కు సంకేతం పంపే సెన్సార్, కొత్త ఇంజన్ రంధ్రంలో పట్టదు. అప్పుడు టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు ఎక్కువ చుట్టి బిగించేస్తారు, లేకపోతే రంధ్రానికి ప్లగ్ కొట్టి "మీటర్ లేకున్నా బండి నడుస్తుందిలే" అనేస్తారు. అంత ఖర్చు పెట్టి వేసిన ఇంజన్ ఆయిల్ ప్రెజర్ పడిపోయినప్పుడో, నీళ్లు మరిగినప్పుడో చెప్పగలిగేది ఆ రెండు ముళ్లే. తప్పు చూపించే ముల్లు అసలు లేని ముల్లు కన్నా ప్రమాదం. అది సగంలో నిలబడి ఉంటే డ్రైవర్ దాన్ని నమ్మి తొక్కుతూనే ఉంటాడు.

సెన్సార్ అమరిక అంటే మర కలపడం ఒక్కటే కాదు. మర కలవాలి, సెన్సార్ కొన నీళ్ల ప్రవాహంలోకి చేరాలి, సెన్సార్ ఇచ్చే ఓమ్స్‌కూ (విద్యుత్ నిరోధానికీ) మీటర్‌కూ జత కుదరాలి. మూడూ కుదిరితేనే ముల్లు నిజం చెబుతుంది. నేను చూసిన చాలా బండ్లలో మొదటిది ఒక్కటే చూసి వదిలేశారు.

పాత ఇంజన్ దించక ముందే

ఏ వైరు ఏ సెన్సార్‌కు వెళ్తుందో ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. ప్రతి వైరుకూ టేపు చుట్టి దాని మీద పేరు రాయండి: ఆయిల్ మీటర్, ఆయిల్ లైటు, టెంపరేచర్, హీటర్ ప్లగ్, డైనమో. పాత సెండర్లను విప్పాక పారేయొద్దు. వాటి వైరు టెర్మినల్‌ను కూడా రెండంగుళాల వైరుతో సహా దాచండి.

పాత మీటర్లు పని చేస్తున్నాయో లేదో కూడా ఇప్పుడే చూడాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి టెంపరేచర్ సెండర్ వైరు విప్పితే ముల్లు చల్లటి వైపు పడిపోవాలి. ఆ వైరును ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే 47 ఓమ్స్ రెసిస్టర్ గుండా ఇంజన్ బాడీకి తగిలిస్తే ముల్లు వేడి వైపు బాగా లేవాలి. నేరుగా ఎర్త్‌కు తగిలించి అలాగే వదిలేయొద్దు, మీటర్ కాయిల్ కాలిపోవచ్చు. పాత బైమెటల్ మీటర్లలో ముల్లు మెల్లగా కదులుతుంది కాబట్టి అర నిమిషం ఓపిక పట్టండి.

ఈ పరీక్షలో గమనించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. వైరు ఊడినా, ఎర్త్ పోయినా టెంపరేచర్ మీటర్ "చల్లగా ఉంది" అనే చెబుతుంది. అందుకే ముందు ముందు ఎర్త్ గురించి గట్టిగా చెప్పబోతున్నాను.

కొత్త ఇంజన్ మీద రంధ్రాలు వెతకడం

ఇంజన్ స్టాండు మీద ఉన్నప్పుడే బ్లాక్‌నూ హెడ్‌నూ డీజిల్‌తో కడిగి, ప్రతి ప్లగ్‌నూ సెన్సార్‌నూ గుర్తు పెట్టుకోండి. చాలా ఇంజన్లలో మెయిన్ ఆయిల్ గ్యాలరీ (ప్రెజర్‌తో ఆయిల్ పారే పెద్ద దారి) మీద ఫ్యాక్టరీవాళ్లే ఒకటికి మించి రంధ్రాలు వదిలి ప్లగ్ వేస్తారు. థర్మోస్టాట్ (వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) హౌసింగ్ దగ్గరా, హెడ్ వెనక వైపు చివరా కూడా అలాంటివే ఉంటాయి. బ్లాక్‌కు కొత్తగా డ్రిల్లు పెట్టే ముందు వీటిని పూర్తిగా వెతకండి. బ్లాక్ గోడ లోపల ఎంత మందం ఉందో, పక్కన నీళ్ల దారి ఉందో ఆయిల్ దారి ఉందో బయటి నుంచి తెలియదు. బ్లాక్‌కు, హెడ్‌కు డ్రిల్లు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

ఒక రంధ్రం నిజంగా ఆయిల్ ప్రెజర్ వచ్చేదేనా అన్న అనుమానం ఉంటే, ఆయిల్ పోసి, స్టాప్ కేబుల్ లాగి పెట్టి, ప్లగ్ తీసి, కింద డబ్బా పెట్టి సెల్ఫ్ తిప్పించండి. ప్రెజర్ దారి అయితే కొన్ని క్షణాల్లో ఆయిల్ ఉబికి వస్తుంది. ఊరికే కారేది సంప్‌కు (ఇంజన్ కింది ఆయిల్ తొట్టికి) తిరిగి వెళ్లే దారి, దానికి సెన్సార్ పెట్టి లాభం లేదు.

టెంపరేచర్‌కు చోటు ఎంచుకునేటప్పుడు థర్మోస్టాట్‌కు ఇంజన్ వైపున ఉన్న రంధ్రానికే మొదటి ప్రాధాన్యం. రేడియేటర్ వైపున పెడితే థర్మోస్టాట్ తెరుచుకునే దాకా, అంటే సాధారణంగా 80 డిగ్రీలు దాటే దాకా, దానికి వేడి నీళ్లు తగలవు. థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుపోతే ఇంజన్ మరుగుతున్నా ముల్లు లేవదు. అలాగే గాలి చేరే అతి ఎత్తైన మూలలో పెట్టొద్దు. సెండర్ కొన నీళ్లలో ఉన్నంత సేపే అది చెప్పే మాట నిజం.

మర కొలవడం: ఇక్కడ తొందర పడొద్దు

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. వర్నియర్ కాలిపర్, మరల గేజ్ రెండూ ఉండాలి. మరల గేజ్‌లో 60 డిగ్రీల మెట్రిక్ ఆకులూ, 55 డిగ్రీల విట్‌వర్త్ ఆకులూ ఉన్నది కొనండి. కళ్లతో చూసి చెప్పగలమనే మేస్త్రీలు కూడా ఈ మూడింటి దగ్గర తడబడతారు: 1/8 ఎన్‌పీటీ, 1/8 బీఎస్‌పీ, ఎం10×1.

1/8 ఎన్‌పీటీ అమెరికా పైపు మర. అంగుళానికి 27 చుట్లు, బయటి వ్యాసం సుమారు 10.3 మి.మీ., కోణం 60 డిగ్రీలు. 1/8 బీఎస్‌పీ బ్రిటిష్ పైపు మర. అంగుళానికి 28 చుట్లు, వ్యాసం 9.73 మి.మీ., కోణం 55 డిగ్రీలు. ఎం10×1 మెట్రిక్, 10 మి.మీ. వ్యాసం, చుట్టుకు చుట్టుకు సరిగ్గా 1 మి.మీ. దూరం. పేరులో 1/8 అని ఉంది కదా అని అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కడ ఉందా అని వెతకొద్దు. అది పాత కాలపు పైపు లోపలి కొలత, మర కొలత కాదు.

జపాన్ ఇంజన్లలో ఆయిల్ స్విచ్ చాలావరకు 1/8 బీఎస్‌పీ టేపర్ (కొన వైపు సన్నబడే) మర. అక్కడివాళ్లు దాన్ని పీటీ అని రాస్తారు. యూరప్ మూలం ఉన్న ఇంజన్లలో మెట్రిక్ ఎక్కువ: ఎం10×1, ఎం12×1.5, ఎం14×1.5, ఎం16×1.5, ఎం18×1.5. బయట విడిగా అమ్మే మీటర్ల సెండర్లు ఎక్కువగా 1/8 ఎన్‌పీటీ. ఇది ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే సూచన మాత్రమే. మన దగ్గరికి వచ్చే ఇంజన్ అప్పటికే ఎవరో ఒకరి చేతిలో పడి ఉంటుంది, పాత ఓనరు ఏ ట్యాపు (రంధ్రంలో మర కోసే పనిముట్టు) కొట్టించాడో తెలియదు. ప్రతి రంధ్రాన్నీ విడిగా కొలవాలి.

సెన్సార్ వైపు మగ మర కాబట్టి కొలత సులువు. గేజ్ ఆకు పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఏ ఆకు సందు లేకుండా కూర్చుందో కనిపిస్తుంది. 27కూ 28కూ తేడా రెండు మూడు చుట్ల మీద తెలియదు, ఆకును మర మొత్తం పొడవునా ఆనించి చూడాలి. మర టేపరో సమానమో తెలుసుకోవడానికి కొన దగ్గరా మొదలు దగ్గరా వ్యాసం కొలవండి. తేడా ఉంటే టేపర్. పైపు టేపర్ మరలన్నీ 16కు 1 వాలుతో సన్నబడతాయి.

ఇంజన్ రంధ్రానికి ఆ రంధ్రంలో ఉన్న పాత ప్లగ్‌నే కొలవడం మేలు. ప్లగ్ లేకపోతే కొలత తెలిసిన బోల్టునో అడాప్టర్‌నో (ఒక మరను ఇంకో మరకు కలిపే ముక్కనో) వేలితో తిప్పి చూడండి. సరైన మర అయితే వేలితోనే మూడు నాలుగు చుట్లు ఊగకుండా దిగుతుంది. బీఎస్‌పీ సెన్సార్‌ను ఎన్‌పీటీ రంధ్రంలో తిప్పినా కొన్ని చుట్లు హాయిగా దిగుతుంది, కానీ వదులుగా ఊగుతుంది, తర్వాత ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ఆ బిగువును చూసి "పట్టింది" అనుకుంటారు. పట్టుకున్నది రెండు చుట్లే. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ అక్కడి నుంచే చెమరుస్తుంది.

జత కుదిరే దారి ఎంచుకోవడం

నా వరుస ఇది. అదే ఇంజన్‌కు సరిపోయే మరతో మీ మీటర్‌కు సరిపడే సెండర్ దొరికితే అడాప్టరే వద్దు, అది అన్నిటికన్నా మంచిది. దొరక్కపోతే రెడీమేడ్ అడాప్టర్. అదీ లేకపోతే లేత్ షాపులో చేయించడం. రంధ్రాన్ని పెద్దది చేసి కొత్త ట్యాపు కొట్టడం చిట్టచివరి దారి. అదీ థర్మోస్టాట్ హౌసింగ్ లాంటి విప్పి పక్కన పెట్టగలిగే భాగానికే.

మీటర్, సెండర్ ఒక జంట. వాటిని విడదీయొద్దు. వీడీఓ కంపెనీ రకం ఆయిల్ సెండర్ ప్రెజర్ లేనప్పుడు సుమారు 10 ఓమ్స్, పూర్తి ప్రెజర్‌లో సుమారు 180 ఓమ్స్ చూపిస్తుంది. అమెరికా రకం దీనికి తిరగబడి ఉంటుంది: ప్రెజర్ లేనప్పుడు 240, పూర్తిగా ఉన్నప్పుడు 33. ఒకదాని సెండర్‌ను ఇంకొకదాని మీటర్‌కు తగిలిస్తే ఇంజన్ ఆపినప్పుడు ముల్లు లేచి, స్టార్ట్ చేస్తే పడిపోతుంది. అంత స్పష్టంగా తప్పయితే పర్వాలేదు, కనిపెట్టేస్తాం. టెంపరేచర్ సెండర్లలో తప్పు ఇంత తేలిగ్గా బయటపడదు. అన్నీ వేడెక్కే కొద్దీ ఓమ్స్ తగ్గేవే, కానీ ఎంత తగ్గుతాయన్నది మారుతుంది. వీడీఓ 120 డిగ్రీల రకం 40 డిగ్రీల దగ్గర సుమారు 287 ఓమ్స్, 120 దగ్గర సుమారు 22 ఓమ్స్. వేరే కంపెనీ సెండర్ 100 డిగ్రీల దగ్గర ఇచ్చే ఓమ్స్ మీ మీటర్‌కు 75 డిగ్రీల్లా కనిపించవచ్చు. ముల్లు మామూలుగానే లేస్తుంది, మామూలుగానే దిగుతుంది, చెప్పేది మాత్రం తప్పు.

కాబట్టి పాత మీటర్ బోర్డు ఉంచుకుంటే పాత సెండర్‌నే కొత్త ఇంజన్‌కు పట్టించాలి. కొత్త మీటర్లు కొంటే వాటితో వచ్చిన సెండర్లే వాడాలి.

లేత్ షాపులో ఏం చెప్పాలి

మన జిల్లాలో టర్నర్లకు కొదవ లేదు. సిమెంటు ఫ్యాక్టరీలు, రాళ్ల పాలిషింగ్ మెషీన్లు, బోరు బండ్లు ఉన్న చోట లేత్ పని బాగా నడుస్తుంది. కానీ టర్నర్‌కు మీరు సెండర్‌నూ ప్లగ్‌నూ చేతికిచ్చి "రెంటికీ కలిసేటట్టు చెయ్యన్నా" అంటే చాలదు. లోపల గోడ ఎంత మిగులుతుందో, కొన ఎక్కడికి చేరాలో మీరే చెప్పాలి.

గోడ లెక్క చూడండి. ఇంజన్ రంధ్రం ఎం16×1.5, సెండర్ 1/8 ఎన్‌పీటీ అనుకుందాం. ఎం16 మర అడుగు వ్యాసం, అంటే గాడుల లోతు దగ్గర కొలత, సుమారు 14.2 మి.మీ. లోపల 10.3 మి.మీ. మర కొడితే ఒక్కో వైపు మిగిలే గోడ 2 మి.మీ.కు కొంచెం తక్కువ. పర్వాలేదు, సరిపోతుంది. అదే ఎం14×1.5 అయితే అడుగు 12.2 మి.మీ., మిగిలే గోడ 1 మి.మీ. కూడా లేదు. పైగా ఎన్‌పీటీ టేపర్ మర ఎంత బిగిస్తే అంత బయటికి తోస్తుంది. డీజిల్ ఇంజన్ వణుకులో ఆ సన్నటి గోడ పగులుతుంది, మర ముక్క రంధ్రంలోనే ఉండిపోతుంది. ఎం12×1.5 అయితే అడుగే 10.2 మి.మీ., లోపల మరకు చోటే లేదు.

రంధ్రం ఎం14 గానీ అంతకన్నా చిన్నది గానీ అయితే ఆయిల్ సెండర్‌కు దారి ఇది: ఆడ మరను రంధ్రంలోపల కాకుండా బయట ఉండే షట్కోణ తలలో కొట్టించండి. కింద కాడలో 3 నుంచి 4 మి.మీ. రంధ్రం ఒక్కటే ఆయిల్ పోవడానికి. ప్రెజర్ కొలవడానికి ఆయిల్ ప్రవాహం అక్కర్లేదు, ప్రెజర్ చేరితే చాలు. ఆ సన్నటి దారి పంపు కొట్టే కొట్టుడును కూడా తగ్గించి ముల్లు వణక్కుండా చూస్తుంది. అంతకన్నా సన్నం చేయొద్దు, ఆయిల్ మడ్డి పట్టి మూసుకుపోతుంది.

టెంపరేచర్‌కు ఈ ఉపాయం పనికిరాదు. తలలో మర పెడితే సెండర్ కొన అడాప్టర్ లోపలే ఆగిపోతుంది. దాని చుట్టూ కదలని నీళ్లు, ఒక్కోసారి గాలి బుడగ. ఇంజన్ 95 డిగ్రీలు ఉన్నప్పుడు అది 75 అంటుంది. పైగా నీళ్లు తగ్గినప్పుడు మొదట ఎండిపోయేది ఆ గూడే. కాబట్టి టెంపరేచర్ అడాప్టర్‌లో లోపలి మర వీలైనంత కిందకి ఉండాలి, సెండర్ కొన అడాప్టర్ చివర దాటి కనీసం 8, 10 మి.మీ. నీళ్లలోకి పొడుచుకు రావాలి. రంధ్రం ఎం14 అయితే అడాప్టర్ ప్రయత్నం వదిలేసి అదే ఓమ్స్ ఉన్న ఎం14×1.5 సెండర్ కొనండి. వీడీఓ లాంటి కంపెనీలు ఒకే ఓమ్స్ సెండర్‌ను రకరకాల మరలతో చేస్తాయి. దుకాణంలో ఓమ్స్ చెప్పి, మర చెప్పి అడగండి. "జీపుకు టెంపరేచర్ సెన్సార్" అని మాత్రం అడగొద్దు.

కొనకు లోపల అడ్డం లేదని కూడా చూసుకోవాలి. రంధ్రం లోతును సన్నటి కడ్డీతో కొలవండి. సెండర్ కొన ఎదుటి గోడకు తగిలితే లోపలే వంగుతుంది, లేకపోతే నీళ్ల వేడికి బదులు ఇనుము వేడి చూపిస్తుంది.

లోహం విషయంలో పొట్టి అడాప్టర్‌కు షట్కోణ ఇత్తడి కడ్డీ చాలా మంచిది. మర బాగా పడుతుంది, తుప్పు పట్టదు, నీళ్లకూ ఆయిల్‌కూ పనికొస్తుంది. ఆయిల్ సెండర్‌ను మోసే అడాప్టర్ కాస్త పొడుగైతే ఉక్కుతో చేయించండి.

మరలు కొట్టేటప్పుడు డ్రిల్ కొలతలు: ఎం10×1కు 9.0 మి.మీ., ఎం12×1.5కు 10.5, ఎం14×1.5కు 12.5, ఎం16×1.5కు 14.5. 1/8 ఎన్‌పీటీకి 8.5 చుట్టుపక్కల. టేపర్ ట్యాపును పూర్తిగా దించేయొద్దు. మధ్యమధ్య ట్యాపు తీసి సెండర్‌ను వేలితో తిప్పి చూడాలి. మూడు నాలుగు చుట్లు దిగి ఆగిందంటే చాలు. ఇంకా లోతుగా దించితే సెండర్ మొదటి దాకా దిగిపోతుంది కానీ మర ఎక్కడా బిగియదు. థర్మోస్టాట్ హౌసింగ్‌కు ట్యాపు కొట్టాల్సి వస్తే దాన్ని ఇంజన్ మీద నుంచి విప్పి, ట్యాపు గాడులకు గ్రీజు రాసి కొట్టండి, రజను గ్రీజుకు అంటుకుంటుంది. తర్వాత కడిగి మరీ బిగించాలి.

బరువైన ఆయిల్ సెండర్ సంగతి

మీటర్‌కు వెళ్లే ఆయిల్ సెండర్ లైటు స్విచ్ లాగా చిన్నది కాదు. డబ్బాలా లావుగా, బరువుగా ఉంటుంది. దాన్ని అడాప్టర్ మీద, ఆ అడాప్టర్‌ను టీ (మూడు దారుల జాయింటు) మీద, టీని నిపుల్ (రెండు వైపులా మరలున్న పొట్టి గొట్టం) మీద ఒకదాని మీద ఒకటి పేర్చి బ్లాక్‌కు బిగిస్తే ఏం జరుగుతుంది? నాలుగు సిలిండర్ల డీజిల్ ఐడిల్‌లోనే బాగా వణుకుతుంది. ఆ చివరి బరువు ఊగుతూ ఊగుతూ ఇత్తడి నిపుల్ మెడ దగ్గర విరిగిపోతుంది. అక్కడి నుంచి ఆయిల్ మొత్తం రోడ్డు పాలవ్వడానికి ఎక్కువ సేపు పట్టదు.

లైటూ మీటరూ రెండూ కావాలనుకుంటే నేను సెండర్లను ఇంజన్ మీద నుంచి బయటికి తీసుకొస్తాను. బ్లాక్‌లో పొట్టి అడాప్టర్, దాని నుంచి హైడ్రాలిక్ హోస్, ఆ చివర బాడీకి బ్రాకెట్‌తో బిగించిన టీ, టీ మీద స్విచ్, సెండర్. జేసీబీలకు, ట్రాక్టర్లకు హోసులు క్రింపింగ్ చేసే షాపులో మీ కొలతకు అర గంటలో చేసిస్తారు. హోస్‌ను కొంచెం వదులుగా, ఇంజన్ ఊగడానికి వీలుగా పెట్టండి. సైలెన్సర్ మానిఫోల్డ్‌కు దూరంగా పోనివ్వండి. ప్లాస్టిక్ గొట్టాలు, నీళ్ల పైపులు, పెట్రోల్ పైపుకు క్లిప్పు పెట్టడం, ఇవేవీ ఆయిల్ ప్రెజర్‌కు పనికిరావు.

టీ వద్దనుకుంటే మీటర్‌కూ లైటుకూ కలిపి ఒకే సెండర్ దొరుకుతుంది. దాని మీద రెండు టెర్మినళ్లు ఉంటాయి. వీడీఓ రకంలో జీ అని రాసినది మీటర్‌కు, డబ్ల్యూకే అని రాసినది లైటుకు. తారుమారు చేయొద్దు.

బిగించడం, లీకు రాకుండా చూడడం

టేపర్ మర మర దగ్గరే బిగుస్తుంది, కింద వాషర్ అక్కర్లేదు. సమాన మర ఎప్పుడూ వాషర్ మీద బిగుస్తుంది. రాగి వాషర్ గానీ రబ్బరు అంచున్న డౌటీ వాషర్ గానీ వాడాలి, దానికి టేపు చుట్టి ఉపయోగం లేదు. ఈ తేడా తెలియక సమాన మరకు టేపు చుట్టడం, టేపర్ మర కింద వాషర్ పెట్టడం చాలా చోట్ల చూస్తాం.

నేను ఆయిల్ వైపు టేపుకు బదులు ద్రవ సీలెంట్ వాడతాను. టేపు పోగులు ఊడి ఆయిల్ దారిలో చేరితే తీయడం కష్టం. టేపే వాడితే కొన నుంచి రెండు చుట్లు వదిలేసి, బిగించే దిక్కునే రెండు మూడు పొరలు చుట్టండి. 1/8 టేపర్ మర వేలితో బిగుసుకున్నాక పానాతో ఒకటిన్నర నుంచి రెండు చుట్లు చాలు. అల్యూమినియం హౌసింగ్ అయితే ఇంకా సున్నితంగా. ఒక పానా అడాప్టర్ తలను పట్టుకోవాలి, ఇంకో పానా సెండర్ తలను తిప్పాలి. సెండర్ డబ్బాను పట్టుకుని తిప్పితే లోపల తెగుతుంది.

ఇప్పుడు ఎర్త్. ఒకే వైరున్న సెండర్‌కు రెండో వైరు దాని బాడీయే. టేపు ఎక్కువ చుట్టినా, రబ్బరు హోస్ మీద పెట్టినా, పెయింటు ఉన్న బ్రాకెట్‌కు బిగించినా ఆ దారి తెగుతుంది. మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి ఒక కొన సెండర్ బాడీకి, ఇంకోటి బ్యాటరీ మైనస్‌కు పెట్టి చూడండి. మల్టీమీటర్ రెండు వైర్లు కలిపి పట్టుకుంటే ఏం చూపిస్తుందో దానికి దగ్గరగా రావాలి. బ్రాకెట్ మీద ఉన్న సెండర్‌కు, రేడియేటర్ హోస్ మధ్యలో పెట్టే అల్యూమినియం అడాప్టర్‌కు విడిగా ఎర్త్ వైరు తప్పదు. కొత్త ఇంజన్ పెట్టినప్పుడు ఇంజన్ నుంచి ఛాసిస్‌కు లావు ఎర్త్ పట్టీ వేయడం చాలామంది మరిచిపోతారు. అది లేకపోతే సెల్ఫ్ తిప్పిన ప్రతిసారీ మీటర్లు పిచ్చిగా ఊగుతాయి.

కామన్ రైల్ ఇంజన్ అయితే

సీఆర్‌డీఈ ఇంజన్ పెడుతున్నవాళ్లు ఈ పనులన్నీ ఇంకో కంటితో చూడాలి. కూలెంట్ సెన్సార్, క్రాంక్, క్యామ్, మ్యాప్ (మానిఫోల్డ్ గాలి ప్రెజర్), రైల్ ప్రెజర్ సెన్సార్లు ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) సొత్తు. వాటి చోటు మార్చొద్దు, వాటికి అడాప్టర్లు పెట్టొద్దు. ఈసీయూ కూలెంట్ సెన్సార్ వైరుకే పాత మీటర్ వైరు కలిపేస్తే రెండూ చెడతాయి. ఈసీయూ 5 వోల్టుల లెక్కతో చూస్తుంది, మీటర్ 12 వోల్టుల వైపు నుంచి వస్తుంది. ఈసీయూకు తప్పు వేడి కనిపిస్తే డీజిల్ కూడా తప్పుగా కొడుతుంది. మీటర్ కావాలంటే వేరే రంధ్రంలో వేరే సెండర్ పెట్టాలి. రైల్ మీద, హై ప్రెజర్ పైపుల మీద ఏ అడాప్టరూ ఎప్పుడూ పెట్టొద్దు. అక్కడ ఉండేది వెయ్యి బార్‌లు దాటే ప్రెజర్. సన్నటి చిమ్ము కూడా చర్మం చీల్చి లోపలికి వెళ్తుంది.

మిగతా చిన్నవి: ప్యూజో ఇంజన్‌కు హీటర్ ప్లగ్గులు అవసరం, డీఐ ఇంజన్‌కు మన వాతావరణంలో ఆ పాత సర్క్యూట్ అక్కర్లేదు, వైర్ల కొనలకు ఇన్సులేషన్ చేసి కట్టేయండి. ఆర్‌పీఎం మీటర్ ఉంటే డైనమో మీద డబ్ల్యూ టెర్మినల్ నుంచి తీసుకోవచ్చు.

నిజం చెబుతోందా, పరీక్ష

టెంపరేచర్ సెండర్‌ను ఇంజన్‌కు బిగించక ముందే వంట గిన్నెలో నీళ్లు మరిగించి పరీక్షించండి. కడప ఎత్తులో నీళ్లు దాదాపు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. సెండర్ కొన మాత్రమే నీళ్లలో ముంచి, బాడీకి ఎర్త్ వైరు, టెర్మినల్‌కు మీటర్ వైరు కలిపి, ఇగ్నిషన్ ఆన్ చేయండి. ముల్లు ఎక్కడ నిలబడిందో మీటర్ అద్దం మీద సన్నటి గీత పెట్టండి. నీళ్లు చల్లారుతుంటే థర్మామీటర్‌తో చూసి 80 దగ్గర ఇంకో గీత. ఈ రెండు గీతలతో మీ మీటర్ మీద సీ, హెచ్ అన్న అక్షరాలకు అర్థం వస్తుంది.

ఆయిల్ ప్రెజర్‌కు మెకానికల్ గేజ్ ఒకటి అరువు తెచ్చుకుని టీ మీద తాత్కాలికంగా బిగించండి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఇగ్నిషన్ ఆన్‌లో ఆయిల్ లైటు వెలగాలి. వెలగకపోతే స్టార్ట్ చేయొద్దు, ముందు వైరు చూడండి. చాలా స్విచ్‌లు 0.3 నుంచి 0.5 బార్ దాటగానే లైటు ఆర్పేస్తాయి. లైటు ఆరిందంటే ప్రెజర్ బాగుందని అర్థం కాదు, ఉందని మాత్రమే. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లోనూ రేస్ చేసీ మెకానికల్ గేజ్‌నూ మీటర్‌నూ పక్కపక్కన చూడండి. ఆ ఇంజన్ మాన్యువల్ చెప్పే అంకెకు తగ్గితే తప్పు సెండర్‌దా ఇంజన్‌దా అన్నది ఇలా అప్పుడే తేలిపోతుంది.

నీళ్లు పోసి గాలి పూర్తిగా పోయే దాకా ఇంజన్‌ను ఐడిల్‌లో నడపండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే రేడియేటర్ పై హోస్ వేడెక్కుతుంది. అప్పుడు ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో థర్మోస్టాట్ హౌసింగ్ వేడి చూసి మీ గీతతో పోల్చుకోండి. మెరిసే లోహం మీద గన్ తక్కువ చూపిస్తుంది, నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొట్టండి. ఇక్కడ ఒక మాట. మన బోరు నీళ్లు రేడియేటర్‌లో పోస్తే సెండర్ కొనకు తెల్లటి సున్నపు పొర కడుతుంది, ముల్లు మొద్దుబారుతుంది. కూలెంట్ కలిపిన మంచి నీళ్లే పోయండి.

తర్వాత బరువు మీద పరీక్ష. ఎండాకాలం మధ్యాహ్నం, బండిలో మనుషులో బస్తాలో వేసుకుని రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కితే ఇంజన్‌కు అసలు పరీక్ష అదే. ఎక్కేటప్పుడు ముల్లు మెల్లగా లేచి ఒక చోట నిలబడాలి, దిగేటప్పుడు తగ్గాలి. మలుపుల్లో గుంతల్లో ఎగిరెగిరి పడితే వైరో ఎర్తో వదులు. పైకి చేరాక పాలకోవా అంగడి దగ్గర ఆపి, బానెట్ ఎత్తి ప్రతి అడాప్టర్ చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూడండి. తడి ఉంటే వేడి మీద, ప్రెజర్ మీద బిగించే ప్రయత్నం చేయొద్దు. ఇంటికి వచ్చి, పూర్తిగా చల్లారాక విప్పి మళ్లీ కట్టాలి. ఊరికే బిగిస్తూ పోతే అల్యూమినియం పగులుతుంది.

కాగితం పని

ఇంజన్ మార్చడం మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కిందికి వస్తుంది. పని మొదలుపెట్టక ముందే కడప ఆర్‌టీఏ ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోండి. కొత్త ఇంజన్ నంబరు ఆర్‌సీలోకి ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పాలి. పెట్టబోయే ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూపే బిల్లు లేకుండా దాన్ని కొనొద్దు.

చివరిగా, ఏ రంధ్రంలో ఏ మర, ఏ అడాప్టర్, ఏ ఓమ్స్ సెండర్, ఏ రంగు వైరు, వేడి గీతలు ఎక్కడ అన్నది ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి టూల్ బాక్సులో వేయండి. లేత్ పని చేయించినప్పుడే ఒక్కో అడాప్టర్ రెండేసి చేయించుకుంటే ఖర్చు పెద్దగా పెరగదు. ఆ రెండోది, కొన్ని రాగి వాషర్లు అదే కవర్‌లో ఉంటే రేపు రాజంపేట దారిలో బండి ఆగినా అక్కడి మెకానిక్‌కు ఏం కావాలో వెతుక్కునే పని ఉండదు.